కోడితల ఎటు తిరిగితే

"దీన్ని కోడి అంటారా? మా నాన్నమ్మ చెప్పులు ఇంతకంటే మెత్తగా ఉంటాయి!"

సూయిన్ కత్తి మొనతో కోడితొడను పొడిచి చూపించింది. హాంకాంగ్‌లో మా వీధి మొదట్లో ఫోక్ మాస్టారి కోడి హోటలు. అక్కడ కోడిని ఉడికించడం హోయ్‌మింగ్ పని, నరికి పళ్లెంలో పేర్చడం మాస్టారి కూతురు సూయిన్ పని. మూడేళ్లుగా వాళ్లిద్దరి మధ్య నడిచిన సరససల్లాపమంతా ఇదే.

"ఎముక దగ్గర కాస్త ఎర్రగా ఉండాలి. చూడు, ఎలా పాలిపోయిందో! అచ్చం నీ మొహంలా."

"నీళ్లు కొంచెం మరిగిపోయాయి."

"అవి మరుగుతుంటే నువ్వేం చేస్తున్నావ్?"

ఏం చేస్తాడు, ఈమెనే చూస్తున్నాడు. మరగబోయే నీళ్లలో కోడిని మూడుసార్లు ముంచి లేపి, సన్నసెగ మీద వదిలి, సరిగ్గా సమయానికి తీసి ఐసునీళ్లలో వేయాలి. అదే సమయానికి సూయిన్ నుదుటి చెమట తుడుచుకుంటే, ఇక ఆ కోడి ఖర్మ.

ఆ మాట ఆమెతో చెప్పొచ్చు కదా అంటారా? వంటగది గోడమీద మాస్టారు స్వహస్తాలతో రాసి అంటించిన కాగితం ఉంది: 'ఇక్కడ పనిచేసేవాడెవడూ నా కూతురి వంక చూడరాదు.' ఆ కూతురిని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ వంటగదిలోనే నిలబెట్టిందీ ఆయనే. ఇక ధైర్యం సంగతికొస్తే, హోయ్‌మింగ్ తాను ఉడికించే కోళ్లకంటే ఒక మెట్టు కిందే.

"పండగ వెళ్లాక ఫ్రిజ్‌ల షాపువాళ్లు నన్ను చూడ్డానికి వస్తున్నారు," అంది సూయిన్ ఓరోజు, వాడి మొహంలోకే చూస్తూ.

"మంచిదేగా. ఐసుకి కొదవుండదు."

కత్తి చెక్కమీద ధన్‌మని పడింది. వారం రోజులు ఆమె వాడితో మాట్లాడలేదు. వాడు ఆ వారమంతా తనని తాను తిట్టుకుంటూ పదకొండు కోళ్లను పాడుచేశాడు.

చైనావాళ్ల కొత్త సంవత్సరం పండగకి ముందు, ఆఖరి పనిరోజు మధ్యాహ్నం యజమానీ పనివాళ్లూ కలిసి భోంచేస్తారు. బల్ల మధ్యలో ఉడికించిన కోడి, తలతో సహా. ఆ తల ఎవరి వైపు తిరిగి ఉంటే వాడు పండగ తర్వాత పనికి రానక్కర్లేదు. మొహంమీద చెప్పే దమ్ములేని యజమానులు ఆ పని చచ్చిన కోడికి అప్పగిస్తారు.

ఫోక్ మాస్టారు ఏటా తలను తన వైపే పెట్టించుకునేవాడు. ఈసారి పళ్లెం సూయిన్ తెచ్చింది. తల సరిగ్గా హోయ్‌మింగ్ గిన్నె వైపు ఉంది.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఆ తలనీ వాణ్నీ మార్చి మార్చి చూశారు. మాస్టారు మాత్రం టీ పోసుకోవడంలో మునిగి ఉన్నాడు. హోయ్‌మింగ్ కాసేపు కోడి కళ్లలోకి చూశాడు. లేచి ఏప్రాన్ విప్పాడు.

"మాస్టారూ, అయితే ఇవాల్టితో నేను మీ పనివాణ్ని కాదన్నమాట."

"ఆఁ? ఏంట్రా?"

"కాదు కాబట్టి ఆ గోడమీది కాగితం నాకు వర్తించదు. నాకు సూయిన్ అంటే ప్రాణమండీ. మూడేళ్లలో పాడైన ప్రతి కోడీ ఆమెను చూస్తుంటేనే పాడైంది. దయచేసి ఆ ఫ్రిజ్‌లవాడికి ఇవ్వకండి. ఆమె లేకపోతే నేను బతకలేను."

మాస్టారు అప్పుడు చూశాడు పళ్లెం వంక.

"నిన్నెవడు తీసేశాడ్రా? తల నా వైపు పెట్టమన్నానుగా! సూయిన్!"

"నేనే తిప్పాను నాన్నా," అంది సూయిన్. "ఉద్యోగం పోతే తప్ప ఈ మహానుభావుడికి నోరు పెగలదు." హోయ్‌మింగ్ వైపు తిరిగింది. "అయినా ఎంతసేపయ్యా ఆ కోడిని చూడ్డం? ఏప్రాన్ విప్పి వెళ్లిపోతావేమోనని నా పైప్రాణాలు పైనే పోయాయి!"

మాస్టారు కూతుర్ని చూశాడు, వాణ్ని చూశాడు. టీ మొత్తం నింపాదిగా తాగాడు.

"సరే. నిన్ను నిజంగానే తీసేశాను."

"నాన్నా!"

"అరవకు. అల్లుడికి జీతమిచ్చే ఆచారం మన ఇంట్లో లేదు."