తొమ్మిదో అంతస్తులో ఊగే ముల్లు

నానక్‌రామ్‌గూడ టవర్లో ఆ తొమ్మిదో అంతస్తు రికార్డింగ్ గదికి మంచి పేరు లేదు. లోపల మనిషి ఉండడు... గోడమీది సౌండ్ మీటర్లో ముల్లు మాత్రం ఊగుతుందట — ఎవరో మాట్లాడుతున్నట్టే! పేరుకి పెద్ద ఏఐ కంపెనీ. గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు. అదీ కంపెనీ ఖర్చుతోనే.

రసజ్ఞది భీమవరం. సౌండ్ ఇంజనీరుగా చేరి నెల కాలేదు. మర్నాడు కంపెనీ పెద్దసారు ఉద్యోగులకిచ్చే సందేశం రికార్డు చెయ్యాలి. అది సరిగ్గా వస్తే ఉద్యోగం పర్మనెంటు, లేదంటే మణికొండ హాస్టల్ ఖాళీ చేసి బస్సెక్కడమే.

గది అప్పగిస్తూ పాత ఇంజనీరు అనిల్ గుసగుసలాడాడు. "చీకటి పడ్డంక ఒక్కదానివే ఉండకు చెల్లె... ఆ ముల్లును మాత్రం ముట్టకు."

కానీ పొద్దుటికల్లా అంతా సిద్ధం చెయ్యాలి, ఆ రాత్రి ఉండక తప్పలేదు.

తలుపు మూసింది. మైకు ముందు ఎవరూ లేరు. ముల్లు... కదిలింది. మెల్లగా లేచి, వణికి, పడి — మళ్ళీ లేచింది!

రసజ్ఞ "ఆంజనేయస్వామీ!" అంది. నాలుగేళ్ళ ఇంజనీరింగ్ చదువు ఆ క్షణంలో ఎటు పోయిందో!

గదిలో వినిపించేది ఏసీ హోరొక్కటే. దాన్ని ఆపింది. ముల్లు పడుకుంది.

మళ్ళీ వేసింది... లేచింది.

దెయ్యానికి కూడా ఏసీ లేకపోతే కుదరదన్నమాట. సైబరాబాద్ దెయ్యం మరి!

భయం పోయి ఒళ్ళు మండింది. ఎంత గట్టిదో ముందే తెలిసిన శబ్దాన్ని మీటరుకి పంపి చూసింది. ఆ మీటర్లో సున్నా ఉండేది అడుగున కాదు, ఎర్రగీతలు మొదలయ్యే చోట; అక్కడ ఆగాల్సిన ముల్లు ఎర్రగీతలన్నీ దాటి చివరికి గుద్దుకుంది. వెనకాల కొలత సరిచేసే చిన్న మరని, అంటే స్క్రూని, ఎవరో ఇష్టమొచ్చినట్టు తిప్పేశారు. అందుకే ఏసీ చప్పుడు గోరంత ఉంటే మీటరు కొండంత చూపిస్తోంది, ఆఫీసులో అప్రైజల్‌లాగే. స్క్రూడ్రైవరుతో సరిచేసింది. ముల్లు సున్నా దగ్గర బుద్ధిగా నిలబడింది. శబ్దం ఆపితే కిందికి దిగి, ఏసీ తిరుగుతున్నా ఇక లేవలేదు. నిమ్మకాయ తెంపి పారేసి హాయిగా హాస్టల్‌కి పోయింది.

పొద్దున పెద్దసారు మాట్లాడారు. ముల్లు లేవలేదు.

"సర్, కొంచెం గట్టిగా మాట్లాడండి," అంది రసజ్ఞ.

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు... ఆ మాట ఆ కంపెనీలో అంతవరకూ ఎవరూ అనలేదు.

"నా గొంతుకేమైంది? పోయినసారి ముల్లు ఎర్రగీత దాకా వచ్చిందే!"

మేనేజర్ మధుకర్ ఆమెను మూలకి లాక్కుపోయాడు. చెమట తుడుచుకుంటూ చెవిలో అన్నాడు.

"నౌకరీ గావాల్నా, వద్దా? సారు గొంతు లేవదనే అనిల్ ఆ మర తిప్పిండు. ఎవరూ ముట్టకుండ దెయ్యం ముచ్చట పుట్టిచ్చిండు. జల్ది... ఆ దెయ్యాన్ని మళ్ల తోల్కరా!"

రసజ్ఞకి ఏడుపొచ్చింది. స్క్రూడ్రైవరు తీసింది.

ముల్లు ఎగిరింది. పెద్దసారు మురిసిపోయారు. వారం తిరక్కుండా ఉద్యోగం పర్మనెంటయింది.

ఇప్పుడు ప్రతి శనివారం ఆ గుమ్మానికి నిమ్మకాయ కట్టేది రసజ్ఞే. ముల్లు ఎందుకు ఊగుతోందని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, అటూ ఇటూ చూసి గొంతు తగ్గిస్తుంది —

"చీకటి పడ్డాక ఇక్కడ ఒంటరిగా ఉండకండి... ఆ ముల్లుని మాత్రం ముట్టుకోకండి."