కదలకు చిట్టితల్లీ

వీధి వాళ్లంతా కత్తి బాబాయి అని పిలిచే మాంసం కొట్టాయన పొద్దున్నే ఇంటికొచ్చేసరికి, కూతురు పనికి బయల్దేరుతోంది. ఆయన చేతిలో కాగితం పొట్లం, పొట్లంలో కార్జం ఉంది. మేకను కోసిన రోజు మొదటి కార్జం కూతురిదే. ఎవరెంత బతిమాలినా అమ్మేవాడు కాదు. అలాంటిది కొన్నాళ్లుగా ఆ పొట్లాన్ని ముట్టుకునే దిక్కు లేదు.

"వద్దు నాన్నా, పొట్టకు పడటం లేదు," అని పిల్ల చెప్పులేసుకుంది. మొన్న వేడి చేస్తోందంది. అంతకుముందు బరువు తగ్గాలంది, చూడబోతే గాలేస్తే ఎగిరిపోయేలా ఉంది.

కారణం ఆయనకు తెలుసు. పిల్ల పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిగా చేరిన కొత్తలోనే మాంసం మానేసింది. అక్కడి డాక్టరమ్మే నూరిపోసి ఉంటుంది. ఇంట్లో ఏ కబురు మొదలుపెట్టినా మా మేడమ్ ఇలా అంది, మా మేడమ్ అలా నవ్వింది అంటూ అక్కడే తేలుతుంది. ఆ మాట చెవిన పడితే చాలు, ఆయనకు ఒళ్లు మండిపోయేది.

మండదా మరి? తల్లి పొద్దుటి షిఫ్టుకు మిల్లుకు వెళ్లిపోతే ఈ పిల్లకు జడలు వేసింది తను. ఒకచోట కుదురుగా కూర్చునే రకం కాదది. "కదలకు చిట్టితల్లీ, అయిపోయింది," అంటూనే రిబ్బను ముడి వేసేవాడు. మోకాలికి మందు రాసినా, అరికాల్లో ముల్లు తీసినా అదే మాట. నన్నెప్పుడైనా అలా అన్నావా అని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

సంగతి తెలిసి కొట్టుకొచ్చేవాళ్లు తలో కారణం చెప్పారు. ఒకాయన గుండెకు మంచిదన్నాడు. కాలేజీ కుర్రాడొకడు పశువుల మేతకోసం అడవులు నరికేస్తున్నారని పాఠం చెప్పి, అరకిలో కైమా కొట్టించుకుని పోయాడు. ఒకావిడైతే శాకాహారి కుర్రాణ్ణెవరినో ప్రేమించి ఉంటుందని కన్ను గీటింది. అదైనా నయమే అనిపించింది బాబాయికి. కాబోయే అల్లుణ్ణి చూసి తండ్రి కుళ్లుకుంటే లోకం నవ్వి ఊరుకుంటుంది. డాక్టరమ్మను చూసి కుళ్లుకుంటున్నానని ఎవరితో చెప్పుకుంటాడు?

ఆ రోజు కార్జం తనే వేయించి, డబ్బాలో సర్ది ఆసుపత్రికి బయల్దేరాడు. పిల్లకు తినిపించడానికో, డాక్టరమ్మను కడిగేయడానికో ఆయనకే తెలీదు. పరువు తీసి రా, పిల్లను మళ్లీ పనికి ఎవరూ పిలవరు అని భార్య గుమ్మందాకా సాగనంపింది.

డాక్టరమ్మ భోజనం చేస్తోంది. ఆవిడ డబ్బా నిండా కోడికూర ఉంది. దారంతా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ బాబాయికి పనికిరాలేదు.

ఆవిడ కుర్చీ చూపించి, మీ అమ్మాయికి ఎన్నిసార్లు పెట్టబోయినా వద్దంటుందని చెప్పింది. ఎందుకని అడిగితే, మా నాన్నకు చెప్పని కారణం మీకెలా చెప్తానండీ అందట. ఆ ముక్క విని ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, చెప్పని కారణం ఒకటుందని తెలిసి దిగులు పట్టుకుంది.

వెనక గదిలో పిల్ల, బల్ల మీద వణుకుతున్న కుక్కకు కట్టు కడుతోంది. బాబాయి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"కదలకు చిట్టితల్లీ, అయిపోయింది," అంటోంది పిల్ల.

సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆయనకు ఆ కుక్క మీద కూడా కడుపు మండింది. "అది మన మాట కదమ్మా," అన్నాడు.

పిల్ల ఉలిక్కిపడి తిరిగింది. ముడి పూర్తి చేసి, కుక్కను నిమురుతూ చెప్పింది.

"ఒకరోజు ఫోను మరిచిపోయి వెళ్లావు, ఇద్దామని కొట్టు వెనక షెడ్డుకొచ్చాను. ఎప్పుడూ రానిచ్చేవాడివి కాదుగా. మేక మెడ మీద చెయ్యేసి ఇదే మాట అంటున్నావు. నిజంగా చెప్తున్నా నాన్నా, ముందు నాకు అసూయే కలిగింది. ఆ మాట నా ఒక్కదానిదే అనుకునేదాన్ని. తర్వాత కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు."

బాబాయి లోపలికొచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. "ప్రాణం బెదురుతూ పోకూడదని అంటానమ్మా. నువ్వు పుట్టకముందు నుంచీ అంటున్నా. చంటిదానివి గుక్కపట్టి ఏడిస్తే ఊరుకోబెట్టడానికి నాకు వచ్చిన మాట అదొక్కటే."

"తెలుసు. నాతో ఎంత ప్రేమగా అన్నావో, దానితోనూ అంతే ప్రేమగా అన్నావు. అందుకే దిగలేదు."

"మరి పొట్ట, వేడి అని ఎందుకమ్మా ఈ అబద్ధాలు?"

"చెబితే ఆ మాట అనడం మానేస్తావు. నాతో మానేసినా, వాటితో మానేసినా నేను తట్టుకోలేను."

పిల్ల కళ్లు తుడుచుకుని, డబ్బా వంక చూసి, మేడమ్‌కి ఇచ్చేయనా అంది. బాబాయి మొహం కాస్త ముడుచుకుంది.

"ఇవ్వు. డబ్బా మాత్రం మరిచిపోకుండా ఇంటికి తీసుకురా."

మర్నాడు తెల్లవారుతూనే షెడ్డులో మేక మెడ మీద చెయ్యి వేశాడు. మాట నోటిదాకా వచ్చి ఆగింది. అనకుండా కత్తెత్తడం దానికి అన్యాయమనిపించింది. అన్నాడు. అనగానే, చేతి కింద కూతురి జడ తగిలినట్టయింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేనిది, పని ముగించి గోడకు ఆనుకుని ఏడ్చాడు.

ఆ పొద్దున కార్జం పొట్లం తేలేదు. దారిలో కొన్న చిక్కుళ్లు తనే తరిగి వండి కూతురి కంచంలో వేశాడు. భార్య వింతగా చూసి, నీకు నిన్నటి మాంసం కూర వేడి చేయనా అని అడిగింది.

"ఈ పూటకి వద్దులే," అని కూతురి పక్కన పీట జరుపుకుని, తనూ అదే కూర వడ్డించుకున్నాడు.