కాన్పుల వార్డు వెనక గోడ

గద్వాలలో ఆ కొత్త దవాఖాన రెండో అంతస్తు నడవాకు చెడ్డపేరు రావడానికి ఏడాది కూడా పట్టలేదు. పొద్దుగూకాక అక్కడ గోడ ఏడుస్తుందట. విన్నామని ఒట్టేసినవాళ్లు ఒకరా, ఇద్దరా!

ఇటిక్యాల యాకూబ్‌కూ ఈ సంగతి తెలుసు. అయినా ఆటో దిగి లోపలికి ఉరికాడు. కూతురు కౌసర్‌కు కొడుకు పుట్టాడని అప్పుడే కబురు. పుట్టిన బిడ్డకు మొదట వినిపించే నమాజు పిలుపులు — కుడి చెవిలో అజాన్, ఎడమ చెవిలో ఇఖామత్ — మనవడికి తనే చెప్పాలి. కాస్త ఆలస్యమైందా… రాజోలి నుంచి బయల్దేరిన వియ్యంకుడు జావేద్ చెప్పేస్తాడు. ఇక జన్మంతా దెప్పుతాడు.

గేటు దగ్గర, దవాఖానలో కంప్యూటర్ల పని చూసే శ్రుతి ఉంది. దవాఖాన కట్టడపు నక్షను ఊరి మ్యాపుతో కలిపి, గేటు నుంచి మంచం దాకా ఫోనే దారి చెప్పేట్టు చేసింది ఆమే. అతని ఫోన్లోనూ ఎక్కించింది.

“పరేషాన్ గాకు చాచా. గిది ఎట్ల చెప్తే గట్ల పో.”

ఎడమకు తిరగమంది ఫోన్లో ఆడగొంతు. తిరిగాడు. మెట్లెక్కమంది. ఎక్కాడు. నడవాలో సగం లైట్లు లేవు…

“ఎదురుగా తలుపు ఉంది. లోపలికి వెళ్లండి.”

ఎదురుగా — గోడ.

“లోపలికి వెళ్లండి.”

“యాడికి పోవాలె తల్లీ…” గుసగుసలాడాడు.

అప్పుడు వినిపించింది. గోడలోంచి — సన్నగా, పిల్లికూనలా — ఏడుపు.

దయ్యం ఎదురైతే అజాన్ ఇవ్వమనేవాడు నాయన. యాకూబ్ చెవుల్లో వేళ్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఉన్న గొంతంతా విప్పాడు.

ఆఖరి మాట ముగిసిందో లేదో, అవతల ఏదో దబ్బున పడింది.

“యా అల్లా! గోడ అజాన్ ఇస్తుంది!”

ఆ గొంతు… జావేద్‌ది!

యాకూబ్ గోడను తట్టాడు. డబడబమంది. ఉత్త చెక్క! వాస్తు కుదరలేదని ఎవరో ఆ తలుపు పీకించి, చెక్క కొట్టించి, సున్నం వేయించారు. శ్రుతి నక్షకు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు.

అవతల యాకూబ్ భార్య హాజిరా నవ్వు ఆపుకోలేకపోతోంది.

“ఓ అయ్యా, మంచం ఈ గోడకే ఉంది! పిలగాడు పూరా విన్నడు. మన వియ్యంకుడు అజాన్ చెప్పనీకి నోరు తెరుస్తుండె… నీ గొంతు విని బిగుసుకపోయి, ఆఖరికి కుర్సీతో సహా పడ్డడు. ఇగ చాలు, సుట్టు తిరిగి రా!”

“రాను!” యాకూబ్ చెక్కకు మూతి ఆనించాడు. “ఆయన లేవకముందే పిలగాన్ని ఇటు తిప్పు. ఎడమ చెవి ఇఖామత్ గూడ ఈడికెల్లే ఇస్త!”