సూది గుచ్చిన చోటు

మార్తా వచ్చేసరికి కమిల్లో బొనెట్టి రొట్టె తింటున్నాడు. చిక్కుకేసులు తేల్చడంలో బొలోన్యా ఊరంతటికీ అతనొక్కడే అని సహాయకుడు బత్తిస్తా నమ్మకం.

"అయ్యా, మధ్యాహ్నానికి సంఘంవాళ్లు మా నాన్న చేసిన అచ్చు తగలబెట్టేస్తారట! దుకాణం మూయిస్తారట!" అందామె.

ఆమె తండ్రి కోన్రాడ్ ల్యూట్ అనే తీగల వాద్యాలు చేసేవాడు, చలికాలంలో పోయాడు. అతని చెక్క అచ్చు మీద తయారైన వాద్యానికి ఊళ్లో పోటీ లేదు. ఆ అచ్చు వంపు తనదేననీ, కోన్రాడ్ దొంగిలించాడనీ లొదొవీకో అనే మరో ల్యూట్ పనివాడు వాద్యాలు చేసేవారి సంఘంలో ఫిర్యాదు చేసి, రుజువుగా ఆ వంపు గీసిన ఒక కాగితం చూపించాడు. దాంతో సంఘం అచ్చును పట్టుకెళ్లింది.

"మీ నాన్న గీసిన కాగితమేదీ?"

"ఆయనకు కాగితమెందుకయ్యా? చెక్క మీదే కంపాస్‌తో గీసి కోసేసేవాడు."

"లొదొవీకో మీ ఇంటికొచ్చేవాడా?"

"నిరుడు మా పాత ల్యూట్ ఒకటి చూసిస్తానని పట్టుకెళ్లి వారం ఉంచుకున్నాడు. తేమకి ఒక పక్క అణిగిపోయిందది, ఎవరూ కొనలేదు."

"అది తీసుకుని సంఘానికి పద. అచ్చు కాలదు," అన్నాడు కమిల్లో.

సంఘంలో అతను ఆ కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. గీతతో పాటు ఏడు సూది రంధ్రాలున్నాయి.

"కంపాస్ గుర్తులు కూడా ఉన్నాయి గురువుగారూ. మన పని అయిపోయినట్టే," అని గొణిగాడు బత్తిస్తా.

"ఉన్నాయిరా. అదే చూస్తున్నా." కమిల్లో లొదొవీకో వైపు తిరిగాడు. "కంపాస్‌తోనే గీశారా?"

"మరి కాలితో గీస్తానా?"

"రెండు పక్కలా ఒకే కొలతా?"

"ఒకటే."

"అయితే మీ రంధ్రంలో కంపాస్ సూది పెట్టి, మీ గీత మీదే తిప్పండి."

లొదొవీకో తిప్పాడు. కంపాస్ గీతను వదిలి బయటికి పోయింది. మరో రంధ్రంలో పెట్టాడు, ఈసారి లోపలికి పోయింది.

"పెద్దలారా, ముందు సూది, తర్వాత వంపు. ఇది మీ అందరికీ తెలిసిన పని," అన్నాడు కమిల్లో. "ఈయన ముందు గీత గీసుకుని, కంపాస్ పనిలా కనబడాలని తర్వాత తోచినచోటల్లా సూది గుచ్చాడు. కాగితం నిలువుగా మడవండి."

సంఘం పెద్ద మడిచాడు. ఒక పక్క వేలెడు తగ్గింది.

"కంపాస్‌తో గీస్తే ఈ తేడా రాదు. అణిగిపోయిన ల్యూట్‌ని బోర్లించి చుట్టూ గీస్తే వస్తుంది. మార్తా, నీ ల్యూట్ పెట్టమ్మా."

కాగితం మీద బోర్లించిన ఆ ల్యూట్ గీతకు చుట్టూ అతికినట్టు సరిపోయింది.

లొదొవీకో బల్ల మీద కూలబడ్డాడు. "ఇరవై ఏళ్లు గీశాను. ఆ వంపు నాకు పట్టుబడలేదు."

"పోయిన మనిషిని దొంగని చేయడానికి మీకు నోరెలా వచ్చింది?" మార్తా కోపంతో ఏడ్చేసింది. "ఒక్కసారి అడిగుంటే నాన్న నేర్పేవాడే!"

సంఘం పెద్ద లేచి, అచ్చును ఆమె చేతుల్లో పెట్టాడు.