అమ్మమ్మ వాటా

మెట్ల మీద నవ్వులు ఆగడం లేదు. ఉడుత పై మెట్టు మీద నిలబడి, అమ్మమ్మ కట్టుడు పళ్లను పెదాల ముందు పట్టుకుని, అచ్చం అమ్మమ్మలాగే గొంతు మార్చి మాట్లాడుతోంది. "ఒసేయ్, నా కత్తెర ఎక్కడ పడేశావే?" అనగానే కింద కూర్చున్న పక్కింటి పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఉడుత అసలు పేరు బడిలోనే వినిపిస్తుంది. ఒకచోట కుదురుగా కూర్చోదని అమ్మమ్మ ఈ పేరు పెట్టింది. ఇంట్లో అందరికీ ఇదే అలవాటైపోయింది.

ఆ రోజు బడికి సెలవు. అమ్మ పనికి వెళ్లింది. అమ్మమ్మ భోజనం చేసి, పళ్లసెట్టు తీసి నీళ్ల గిన్నెలో వేసి, కునుకు తీస్తోంది. ఆమె లేచేలోగా మళ్లీ గిన్నెలో వేసేస్తే సరిపోతుందని ఉడుత అనుకుంది.

కానీ నవ్వులో చెయ్యి వదులైంది. పళ్లసెట్టు రాతి మెట్టు మీద పడి, ఎగిరి, ఇంకో మెట్టు మీద పడింది. పిల్లలంతా గప్‌చుప్ అయిపోయారు. ఉడుత పరుగెత్తి తీసి చూసింది. ముక్కలు కాలేదు. కుడివైపు మాత్రం వెంట్రుకంత గీత పడింది. గబగబా కడిగి గిన్నెలో వేసేసింది. గీతే కదా, ఏమీ కాదులే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

సాయంత్రం అమ్మమ్మ నాలుగు వేరుశనగ గింజలు నోట్లో వేసుకుంది. టక్కుమని చప్పుడైంది. అమ్మమ్మ నొప్పితో చెంప పట్టుకుంది. నోట్లోంచి పళ్లసెట్టు తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. కుడివైపు దవడ పళ్లన్నీ విరిగి విడిపోయాయి.

ఉడుత ఆ ముక్కల వంక చూసింది. ఇప్పుడు చెప్పేయాలి అనుకుంది. నోరు తెరిచేలోపు అమ్మమ్మే మాట్లాడింది.

"పొద్దున కడుగుతుంటే సింకులో జారిందిలే. అప్పుడే చిట్లి ఉంటుంది. నా చేతుల్లో పట్టు పోతోందే, ఉడుతా."

ఉడుత తెరిచిన నోరు మూసుకుంది. ఒప్పుకోవాల్సిన తప్పు దానంతట అదే ఇంకొకరి మీదికి వెళ్లిపోయింది. భయం తీరింది. కానీ అమ్మమ్మ ముఖంలోకి చూడలేకపోయింది.

ముందు పళ్లు బాగానే ఉన్నాయి కాబట్టి అమ్మమ్మ మిగిలిన ముక్కనే పెట్టుకుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు. నమిలితే మాత్రం అది కదిలిపోయి చిగుళ్లకు గుచ్చుకుని పుండ్లు పడేవి. ఈ సంగతి అమ్మకు చెప్పొద్దని అమ్మమ్మ ఉడుత చేత మాట తీసుకుంది. అమ్మ ఒక పెద్ద లాండ్రీలో పని చేస్తుంది. వేడి ఇస్త్రీ మిషన్ల మధ్య పొద్దస్తమానం నిలబడడంతో, ఇంటికొచ్చేసరికి కాళ్లు పీకుతుంటాయి. తెలిస్తే సెలవు పెట్టి మరీ పళ్ల డాక్టరు చుట్టూ తిప్పుతుందనీ, లారీ మీద వెళ్లిన నాన్న రాగానే తాను చెబుతాననీ అమ్మమ్మ అంది. ఉడుత తల ఊపింది. ఆ మాట ఇవ్వడం ఎంత తేలికగా అనిపించిందో, అంత సిగ్గుగానూ అనిపించింది.

అమ్మ పొద్దున్నే వంట చేసి, ఇద్దరికీ మధ్యాహ్నం తిండి ఒకే డబ్బాలో సర్ది వెళ్లేది. ఇద్దరికీ చెరొక గుడ్డు. ఉడికించిన శనగలో, చికెన్ ముక్కలో, చేపో ఏదో ఒకటి ఉండేది. ఉడుత బడి నుంచి రాగానే అమ్మమ్మా మనవరాలూ కలిసి తినేవాళ్లు.

ఇప్పుడు అమ్మమ్మ డబ్బాను ఉడుత వైపు జరుపుతోంది. "ఎదిగే పిల్లవి, నువ్వు తిను" అంటోంది. తాను మాత్రం పాలు పోయని టీ పెట్టుకుని, బ్రెడ్ ముంచుకుని, నానిన ముద్దను చప్పరిస్తోంది. పాలు ఆమెకు మొదటి నుంచీ పడవు.

మొదటి రోజు ఉడుత మొహమాటపడింది. తర్వాత రోజు అంత మొహమాటం లేదు. కొన్నాళ్లకు అడగకుండానే రెండు గుడ్లూ తినేయడం అలవాటైంది. నిజానికి ఆ రెండో గుడ్డు రుచిగానే ఉండేది. సాయంత్రం అమ్మ వచ్చి డబ్బా కడగబోతూ, ఖాళీగా ఉండడం చూసి మురిసిపోయేది. రాత్రి భోజనానికి పిలిస్తే అమ్మమ్మ, మధ్యాహ్నం తిన్నదే అరగలేదని రెండు గరిటెల సూప్ తాగి లేచేది.

అమ్మమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కిటికీ పక్కన ఆమె కుట్టుమిషన్. ఉడుత హోంవర్క్ చేసుకుంటుంటే ఆ మిషన్ చప్పుడు వాన కురుస్తున్నట్టు ఎడతెగకుండా వినిపించేది. ఈ మధ్య అది మాటిమాటికీ ఆగిపోతోంది. కొంచెంసేపు తొక్కి, అమ్మమ్మ తొడలు రుద్దుకుంటుంది. మళ్లీ తొక్కుతుంది. మళ్లీ ఆగుతుంది.

ఒకరోజు ఎవరో చొక్కాలకు కాజాలు కుట్టమని తెచ్చారు. వీధి మొత్తంలో అమ్మమ్మ కుట్టినంత సన్నగా కాజా కుట్టేవాళ్లు లేరు. కానీ అమ్మమ్మ ఆ చొక్కాలు తిప్పి పంపేసింది. తన చేతుల మీద తనకు నమ్మకం పోయిందనీ, ఇంకొకరి మంచి గుడ్డ పాడుచేయలేననీ చెప్పింది. వాళ్లు వెళ్లాక చేతులు రెండూ ముందుకు చాపుకుని, వెనకా ముందూ తిప్పుతూ చాలాసేపు చూసుకుంది.

ఉడుత అదంతా చూసింది. పుస్తకంలో తల దూర్చేసింది. అదే లైను మళ్లీ మళ్లీ చదివింది.

ఆ తర్వాత అమ్మమ్మ కుర్చీలోంచి లేవాలంటే చేతులతో ఊతం పట్టుకోవాల్సి వచ్చింది. జాకెట్టు చేతులు వదులయ్యాయి. అమ్మ ఆందోళనగా అడిగితే, వయసు మీద పడటం లేదా ఏమిటి అని అమ్మమ్మ నవ్వేసింది. నాన్న ఇదిగో వస్తా, అదిగో వస్తా అంటూనే ఉన్నాడు. ఒక లోడు దించగానే ఇంకో లోడు పడుతోంది.

ఒకరోజు క్లాసులో సైన్స్ టీచర్ కండరాల గురించి చెబుతోంది. గుడ్డు, మాంసం, చేప, పప్పులు, పాలు వీటిలో ప్రొటీన్ ఉంటుందనీ, ఒంట్లో కండ కట్టేది అదేననీ చెప్పి, బోర్డు మీద ఒక ఇల్లు, ఇంట్లో ఒక పొయ్యి గీసింది. వెనక బెంచీ అబ్బాయి లేచి, ఒకరోజు బోలెడు తినేసి దాచుకుంటే పోదా అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. టీచర్ కూడా నవ్వింది.

"కొవ్వునైతే దాచుకుంటుందిరా ఒళ్లు. ప్రొటీన్‌ని అలా మూటగట్టి పక్కన పెట్టుకోలేదు. రోజూ కొంచెం కొంచెం వేస్తూ ఉండాలి. వేయకపోతే ఏం చేస్తుందో తెలుసా? కట్టెలు అయిపోయినవాడు తన ఇంటి తలుపులే విరిచి పొయ్యిలో పెట్టుకున్నట్టు, తన కండనే కరిగించుకుంటుంది. పెద్దవాళ్లలో అయితే ఇంకా త్వరగా."

ఉడుత నవ్వలేదు. రుద్దుకుంటున్న తొడలు, వదులైన జాకెట్టు చేతులు కళ్లముందు మెదిలాయి. బోర్డు మీది ఇంటికి తలుపులు ఉన్నాయా లేవా అని అదేపనిగా చూస్తూ కూర్చుంది.

ఆ రోజే చెప్పేయాలనుకుంది. ఇంటికి వెళ్లగానే తన వాటా గుడ్డు మాత్రమే తిని, రెండోది అమ్మమ్మ ముందు పెట్టింది. అమ్మమ్మ చిన్న ముక్క తుంచి, నోట్లో అటూ ఇటూ తిప్పి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే ఉడుత చూడకుండా రుమాల్లోకి తీసేసింది. ఉడుత చూసింది. సాయంత్రం అమ్మ తలనొప్పితో వచ్చి లైటు ఆర్పుకుని పడుకుంది. అమ్మ లేచాక చెబుదామనుకుంది. అమ్మ లేచాక, రేపు చెబుదామనుకుంది.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. పక్కింటి అత్త గడప దగ్గర నిలబడి ఉంది. మిషన్ ముందు నుంచి లేవబోయి, కాళ్లు నిలవక అమ్మమ్మ పడిపోయిందనీ, ఆసుపత్రికి తీసుకెళ్లారనీ చెప్పింది. మిషన్ ముందు ఆమె కూర్చునే స్టూలు పక్కకు పడి ఉంది.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. మూడో రోజు ఆహారం చూసే డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చి, దుప్పటి తొలగించి, అమ్మమ్మ పిక్కను మెల్లగా వేళ్లతో పట్టి చూసింది. తర్వాత అమ్మను వరండాలోకి పిలిచింది. ఉడుత వెనకాలే వెళ్లింది.

ఎముక అతుక్కుంటుంది కానీ దాన్ని నిలబెట్టే కండ బాగా తగ్గిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. కొన్నాళ్లుగా ప్రొటీన్ సరిగా అందినట్టు లేదంది. అమ్మ ముఖం ఎర్రబడింది.

"అదేంటండీ. రోజూ గుడ్డు పెడతాను. మాంసమో చేపో, అదీ లేకపోతే శనగలో పెట్టకుండా పనికి వెళ్లను. ఒక్కరోజు కూడా డబ్బాలో మిగల్చదు."

వరండాలో తోపుడు బండి మీద మందులు తీసుకుని ఒక నర్సు వెళ్లింది. ఆ చక్రాల చప్పుడు దూరమయ్యేదాకా ఉడుత ఆగింది.

"అది నేను తింటున్నానమ్మా" అంది.

తర్వాత ఆపుకోలేకపోయింది. మెట్లు, నవ్వులు, గీత, వేరుశనగలు, టీలో నానిన బ్రెడ్, అన్నీ చెప్పేసింది. మధ్యలో ఏడుపు అడ్డొస్తే ఆగి, మళ్లీ చెప్పింది. అమ్మ గోడ పక్కన బెంచీ మీద కూర్చుండిపోయింది. కొడుతుందేమో అనుకుంది ఉడుత. కొట్టినా బాగుండేది. అమ్మ తన చేతుల వంక చూసుకుంటూ ఒకే ఒక్క మాట అంది.

"ఖాళీ డబ్బా చూసి సంతోషపడ్డానే. అమ్మ నోటివంక చూడలేదు."

అమ్మమ్మకు కూడా తానే చెబుతానని ఉడుత లోపలికి వెళ్లింది. మంచం పక్కన నిలబడి, తల వంచుకుని చెప్పింది. పళ్లు తన చేతిలోంచే పడ్డాయని చెప్పింది. సింకులో కాదు, మెట్ల మీద అని చెప్పింది.

అమ్మమ్మ దుప్పటి మీద ఉన్న చేతులు పైకెత్తి చూసుకుంది. అవి వణకడం లేదు.

"ఇన్నాళ్లూ నా చేతులు పోయాయనుకున్నానే" అంది మెల్లగా. "ఆ కాజాలు కుట్టి ఇచ్చేదాన్ని కదే."

అంతే. తిట్టలేదు. ఉడుత ఆ చేతుల మీద తల పెట్టి ఏడ్చింది. అమ్మమ్మ కూడా ఏడ్చింది. ఏడుస్తూనే, పళ్లు విరిగిన సంగతి అమ్మ దగ్గర దాచింది తానే కాబట్టి తప్పులో తన వాటా తనకూ ఉందని అంది.

ఇంటికి తెచ్చాక కూడా అమ్మమ్మ వాకర్ లేకుండా అడుగు వేయలేకపోయింది. మిషన్ తొక్కడం ఇక కుదరదన్నారు. నాన్న వచ్చినప్పుడు దాన్ని పక్క వీధి దర్జీకి ఇచ్చేశారు. మోసుకెళ్తుంటే అమ్మమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. కిటికీ పక్కన నేల మీద నాలుగు గుర్తులు మిగిలాయి. ఉడుత ఎంత తుడిచినా అవి పోలేదు.

చిగుళ్ల పుండ్లు మానితే గానీ కొత్త పళ్లకు కొలత తీయనన్నాడు పళ్ల డాక్టరు. అందాకా ఏం పెట్టాలో ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. అది ఉడుత తన పనిగా తీసుకుంది. బడి నుంచి రాగానే చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళుతుంది. శనగల పొట్టు ఒక్కొక్కటిగా ఒలుస్తుంది. ఎందుకంటే ఆ పొట్టే చిగుళ్లకు అంటుకుని బాధపెడుతుంది. వాటిని ఉడికిన నీళ్లతోనే మెత్తగా నూరుతుంది. గుడ్డును ఫోర్కుతో చిదిమి అందులో కలుపుతుంది. మొదట్లో ముద్దలు ముద్దలుగా వచ్చేది. ఇప్పుడు చేయి తిరిగింది.

ఒకచోట కూర్చోలేని పిల్ల, అమ్మమ్మ మింగేదాకా చెంచా పట్టుకుని కూర్చుంటోంది.

ఒక సాయంత్రం అమ్మమ్మకు తినబుద్ధి కాలేదు. నాలుగు చెంచాలు తిని, చాలంది. ఇంతలో అమ్మ పని నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే అమ్మమ్మ తిన్నదా అని అడిగింది. తిన్నదని చెప్పమన్నట్టు మంచం మీంచి అమ్మమ్మ కళ్లతో సైగ చేసింది. అమ్మ ముఖం అలసటతో వాడిపోయి ఉంది. ఒక్క అబద్ధం చెబితే హాయిగా కూర్చుంటుంది.

"సగమే తిన్నదమ్మా" అంది ఉడుత. "చల్లారిపోయింది. మళ్లీ వేడి చేసి తెస్తాను."

అమ్మమ్మ కోపంగా చూసింది. ఉడుత ఆ కోపాన్ని భరించింది. గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది.