బరువెక్కి వెళ్లిన పడవ

మార్చి నెల, మంగళవారం ఉదయం. తొమ్మిదిన్నరకల్లా గుద్రున్ పింఛను పొదుపు మూడోవంతుకు పడిపోయింది.

అరగంట ముందు ఒక ప్రకటన వచ్చింది. నార్వేలోని ఆమె ఊరి సాల్మన్ కంపెనీ వలల్లో పెంచే చేపలన్నీ చచ్చిపోయాయి. ఆమె పొదుపంతా ఆ కంపెనీ షేర్లలోనే ఉంది.

రెండు వారాల తర్వాత ఇన్‌స్పెక్టర్ టోర్గున్ గుద్రున్ వంటింట్లో కూర్చుంది. కిటికీ అవతల ఫియోర్డ్, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. బల్లకు అటువైపు కంపెనీ ఎండీ ఎస్కిల్, అతని బావమరిది యూస్టైన్.

"షేరు అప్పటికే దిగుతోంది. మరి ఎందుకు కొన్నారు?" అని గుద్రున్‌ని అడిగింది.

"శుక్రవారం ఎస్కిల్ అయిదువేల షేర్లు కొన్నాడని స్టాక్ ఎక్స్ఛేంజ్ నోటీసు వచ్చింది," అంది గుద్రున్. "లోపలివాడే కొంటున్నాడంటే ధైర్యం కాదూ? ఉన్నదంతా పెట్టేశాను. మా ఆయన సమాధి రాయి డబ్బుతో సహా."

"నేనూ నష్టపోయాను, పిన్నీ," అన్నాడు ఎస్కిల్.

"పాపం. కాఫీ తాగు, చల్లారిపోతోంది."

టోర్గున్ యూస్టైన్ వైపు తిరిగింది.

"అదే శుక్రవారం, సోమవారం మీరు నాలుగు లక్షల షేర్లు అమ్మారు."

"పడవ కొనుక్కుందామని."

"ఎన్ని పడవలు?"

యూస్టైన్ ఎస్కిల్ వైపు చూశాడు.

"గురువారం వలల దగ్గరికి బూడిదరంగు పడవ వచ్చింది. ఏమిటది?"

"చేపలకు మేత తెచ్చే పడవ," ఎస్కిల్ వెంటనే అన్నాడు.

"గుద్రున్ గారూ, మీరు చూశారా?"

"ఈ కిటికీలోంచే. మా ఆయన ఫెర్రీ కెప్టెన్. ఏ పడవ కనబడినా అది నీళ్లలో ఎంత మునిగిందో చూడటం నాకూ అలవాటైంది. అది తేలిగ్గా వచ్చింది. వెళ్లేటప్పుడు అంచుదాకా మునిగింది. వెనకాల గుంపులుగా సముద్రపు పక్షులు."

"మేత పడవ నిండుగా వచ్చి ఖాళీగా వెళ్తుంది," అంది టోర్గున్. "ఇది ఖాళీగా వచ్చి, చచ్చిన చేపలతో వెళ్లింది. గురువారానికే మీకు తెలుసు, ఎస్కిల్. మర్నాడు కొన్నది లాభానికి కాదు, అందరూ చూడటానికి. మీ పేరు నమ్మి ఈవిడలాంటివాళ్లు కొన్నారు. వీళ్లకే మీ బావమరిది అమ్ముకున్నాడు."

ఎస్కిల్ కప్పు దించాడు.

"రుజువు?"

ఆమె దగ్గర లేదు. ఆ రోజు పడవ ఎక్కడుందో చెప్పే సిగ్నల్ ఆపేసి ఉంది. అందులో పనిచేసినవాళ్లకు ఏమీ గుర్తులేదట.

వాళ్లిద్దరూ వెళ్లాక టోర్గున్ మెల్లగా అడిగింది.

"కళ్లారా చూసి కూడా ఎందుకు కొన్నారండీ?"

గుద్రున్ కప్పులు సర్దుతోంది.

"ఎస్కిల్‌ని పసివాడప్పటినుంచీ ఎరుగుదును. చేపల సంగతి వాడికంటే నా కళ్లకి ఎక్కువ తెలుసని ఎలా అనుకుంటాను?"

ఏప్రిల్‌లో ప్రాసిక్యూటర్ కేసు మూసేశాడు. ముసలావిడ కిటికీలోంచి చూసింది సాక్ష్యానికి చాలదన్నాడు.

శ్మశానంలో మంచు కరిగింది. కెప్టెన్ సమాధి మీద ఇంకా చెక్క పలకే ఉంది. రాయి పెట్టలేదు.