దావీదు గారి శ్రుతి

ఆరింటికే దావీదు గారింట్లో హార్మోనియం మొదలైంది. ఆ వేళకు ఆ ఇంట్లో మామూలుగా వినిపించేది గేదెలు. ఈ వారంలో ఆ రెండింటికీ తేడా తగ్గిపోతోందని కోడలు రెబెక్కమ్మకు అనిపించింది గాని, పైకి అనలేదు.

"మళ్ళీ ఎత్తుకో అమ్మాయ్. సా..." అన్నాడు దావీదు, ఎడంవైపు మెట్టు ఒకటి నొక్కి పట్టి.

రెబెక్కమ్మ గడ్డాన్ని మెడలోకి దించి "సా" అంది. బావిలో పడిన చెంబులా పలికింది.

"ఇంకా లోతుగా రావాల."

"ఇంకా లోతుకు పోతే నీళ్ళు పడతాయి. చాల్లేవయ్యా, పిల్ల సద్ది తినాల," అంది వంటింట్లోంచి మగ్దలీనమ్మ.

రెబెక్కమ్మ నెల్లూరులో టీచర్ ట్రైనింగ్ చదువుతోంది. మూడేళ్ళ కూతుర్ని అత్తగారికి వదిలి ఏడాదిగా హాస్టల్లో ఉంది. ఆఖర్న మిగిలింది ఒక్కటే: సొంత ఊరి బడిలో ఒకటో తరగతికి పాట నేర్పి చూపించాలి. ట్రైనింగ్ స్కూలు నుంచి పద్మనాభయ్య మాస్టారు వచ్చి చూస్తారు. పిల్లలు పాడితే సర్టిఫికెట్టు. లేకపోతే ఇంకో ఏడాది హాస్టలు. ఆ ఇంకో ఏడాదికి తను ఒప్పుకోనని సమాధానం అనే ఆమె భర్త ముందే చెప్పేశాడు. పేరుకు సమాధానమే గాని, సర్దుకుపోవడంలో ఆయన కొంచెం వెనక.

పాట అనగానే దావీదు ఆ బాధ్యత తన భుజాన వేసుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తోటపల్లి గూడూరు దగ్గరున్న ఆ పల్లె ఏసయ్య గుడిలో పాటలు ఎత్తుకునేది ఆయనే. సంఘం హార్మోనియం కూడా వాళ్ళింట్లోనే ఉంటుంది. ఆయన వేలు ఎప్పుడూ ఆ ఒక్క మెట్టు మీదకే పోతుంది.

బుధవారం పాఠం పావుగంటలో ముగిసింది. రెబెక్కమ్మ మామగారు నేర్పినట్టే లోతుగా ఎత్తుకుంది.

"ఎండ్రకాయా ఎండ్రకాయా, నేరుగ నడవమ్మా..."

నలభైమంది పిల్లలూ గడ్డాలు మెడల్లోకి దించారు. సగం మంది గొణిగారు, సగం మంది మూలిగారు. పక్కగదిలోంచి హెడ్మాస్టరు చెంచయ్య గారు పరిగెత్తుకొచ్చారు.

"ఎవరికమ్మా కడుపునొప్పి?"

పద్మనాభయ్య మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "శనివారం మళ్ళీ వస్తానమ్మా. అప్పుడూ ఇట్టాగే ఉంటే వచ్చే సంవత్సరం చూద్దాం," అన్నారు.

రెబెక్కమ్మ ఇంటికొచ్చేసరికి సంగతి తనకంటే ముందే చేరిపోయి ఉంది. సమాధానం పంచలో నిలబడి ఉన్నాడు.

"చాలు రెబెక్కా. గొంతు లేనిదానివి ఎందుకీ తిప్పలు? బిడ్డ నిన్ను అమ్మా అని పిలవడం కూడా మరిచిపోతా ఉంది."

ఆ మాటకు రెబెక్కమ్మకు దుఃఖం పొంగింది. ఏడుస్తూనే మామగారి వైపు తిరిగింది.

"మావా, ఒక్క రెండు మెట్లు పైకి పెట్టి చూద్దామా? అంత లోతు నాకే అందటంలా. పసిపిల్లలకేం అందద్ది?"

దావీదు ముఖం ఎర్రబడింది. "ముప్ఫై ఒక్క ఏళ్ళు సంఘమంతా ఈ శ్రుతిలోనే పాడింది. నీ నలభైమంది చేపలోళ్ళ పిల్లకాయల కోసం మార్చాల్నా? చెవుల నిండా ఉప్పునీళ్ళు వాళ్ళకి. దానికి శ్రుతేం చేస్తాది?"

"సంఘమంతా అనబాక," అంది మగ్దలీనమ్మ.

ఆమె చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"అంటే?"

"మగోళ్ళు పాడినారు. ఆడోళ్ళం పెదాలు కదిలించినాం. నువ్వు ముందర నిలబడి కళ్ళు మూసుకుంటావు, నీకేం కనపడద్ది?"

"సిగ్గుపడతారు గదా వాళ్ళు..."

"సిగ్గా! పోలేరమ్మ తిరణాళ్ళలో బెస్తోళ్ళ ఆడోళ్ళు పాడతా ఉంటే మైలు దూరం వినపడద్ది. మాకేనా సిగ్గు? నీ మెట్టు మాకు అందదయ్యా. పెళ్ళైన కొత్తలో నేను పాడబోతే ఏమన్నావు? 'శ్రుతి తప్పుతా ఉంది మగ్దలీనా, మనసులో పాడుకో, దేవుడికి వినపడతాది' అన్నావు. సరేనని మనసులోనే పాడుకున్నా."

సమాధానం తండ్రిని చూడలేక చూరువైపు చూశాడు. తల్లి పాడగలదని అతనికి అప్పటిదాకా తెలియదు.

మగ్దలీనమ్మ చెంగుకు చెయ్యి తుడుచుకుని లేచింది. హార్మోనియం ముందు కూర్చుని, మొగుడి మెట్టు నుంచి పైకి లెక్కపెట్టుకుంటూ పోయి ఐదో మెట్టు దగ్గర ఆగింది.

"ఎండ్రకాయా ఎండ్రకాయా, నేరుగ నడవమ్మా..."

యాభై ఏళ్ళ మనిషి గొంతు, పొద్దుటి గాలిలా తేటగా వచ్చింది. రెబెక్కమ్మ తనకు తెలియకుండానే అందుకుంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఇంతలో మంచం కిందనుంచి మూడేళ్ళ కూతురు చప్పట్లు కొడుతూ, అదే ఎత్తులో, "నడవమ్మా!" అంటూ పాక్కుంటూ వచ్చింది.

దావీదు తుండుగుడ్డ భుజాన వేసుకుని, చేనువైపు వెళ్ళిపోయాడు.

శనివారం రెబెక్కమ్మ పాటతో మొదలుపెట్టలేదు. ముందు వరసలోని మస్తానమ్మను లేపింది. "మీ అమ్మ రేవులో ఉంటే ఎట్టా పిలుస్తావే?"

"అమ్మో... ఓయమ్మో..." అని మస్తానమ్మ పిలిచింది. బడంతా నవ్వింది. ఆ పిలుపు ఎక్కడ నిలిచిందో రెబెక్కమ్మ చెవితో పట్టుకుని, సరిగ్గా అక్కడే పాట ఎత్తుకుంది. మొదట వినమంది. తరవాత చప్పట్లు. ఆ తరవాత మాటలు లేకుండా రాగం. ఆఖర్న మాటలు. నలభై గొంతులు ఒక్కటిగా కిటికీల్లోంచి రోడ్డెక్కాయి.

"పిల్లల గొంతు ఎక్కడుందో వెతుక్కుంటా నువ్వే పోయినావు. అది పుస్తకంలో లేదమ్మా, ఎవరు చెప్పారు?" అన్నారు పద్మనాభయ్య మాస్టారు, పాస్ అని రాస్తూ.

"మా అత్తగారండీ."

ఆ సాయంత్రం సమాధానం కూతుర్ని ఎత్తుకుని వీధంతా తిరిగి, తన భార్య టీచరని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పొచ్చాడు.

దావీదు మాత్రం పంచలో హార్మోనియం ముందు కూర్చుని ఉన్నాడు. బడి కిటికీ కింద నిలబడి పాఠమంతా విన్న సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా పంచెకంటిన, బడి గోడ వారనుండే పల్లేరుకాయలు చెప్పేశాయి.

మగ్దలీనమ్మ మజ్జిగ తెచ్చి పక్కన పెట్టింది.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు," అన్నాడు ఆయన. "నీ నోరు మూయించినా. ఊళ్ళో ఆడోళ్ళందరి నోరూ మూయించినా. ఒక్కరోజన్నా ఎందుకు చెప్పలేదే?"

ఆమె మజ్జిగ గ్లాసు ఆయన వైపు జరిపింది.

"చెబుదామనే అనుకుంటా ఉండేదాన్ని. ఈలోగా నువ్వు ఎత్తుకునేవాడివి. గొంతు బాగుంటాది గదయ్యా నీది! వింటా ఉంటే చెప్పాలన్న సంగతి మరిచిపోయేదాన్ని."

దావీదు తుండుగుడ్డతో ముఖం కప్పుకున్నాడు.

"రేపు గుళ్ళో," అన్నాడు చివరికి తుండులోంచే, "ఏ మెట్టు మీద ఎత్తుకోమంటావు?"

"నువ్వెందుకు ఎత్తుకోవడం? నేను ఎత్తుకుంటా," అంది మగ్దలీనమ్మ. "ముందు ఆ మజ్జిగ తాగు. రేపు నీ గొంతుకు చానా పని ఉండాది, పైకి రావాల గదా."